అందలేదు

మంగళవారం ఉదయం గీతాంజలి నుంచి మూడో ఫోన్ వచ్చేసరికి రాజగోపాల్ తన బల్లను స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడుస్తున్నాడు. రోజుకు రెండుసార్లు తుడుస్తాడు. ఆ బల్ల మీద ఫోను, పెన్ను, శానిటైజర్ సీసా తప్ప మరేదీ ఉండదు.

"సార్, మళ్ళీ వచ్చింది. బ్యాటరీ అయిపోతోందంట."

"డెస్క్‌టాప్‌కి బ్యాటరీ ఉండదమ్మా."

"నాకు తెలుసు సార్. దానికే తెలుస్తలేదు."

అతను గోడ వారనున్న ప్లైవుడ్ బీరువా తెరిచి, అడుగు అరలోంచి పనిముట్ల సంచి ఎత్తుకుని బయల్దేరాడు. తన గది నుంచి ఆమె సీటుకు డెబ్భై అడుగులు. లిఫ్టుల ముందునుంచి, ప్యాంట్రీ పక్కనుంచి చుట్టి వెళ్ళాలి. ప్యాంట్రీ దగ్గర ఊపిరి బిగపట్టాడు. ఎవరో కిటికీ తెరిచారు. బెళ్ళందూరు చెరువు మురుగు వాసన, మాడిన కాఫీ వాసన కలిసి నాలుగో అంతస్తును ఆక్రమించుకున్నాయి.

విదేశాల్లో కట్టే భవనాలకు ఆ ఆఫీసులో నక్షాలు గీస్తారు. నూట ఇరవై కంప్యూటర్లు. అవన్నీ రాజగోపాల్ బాధ్యత. యంత్రాల మీద అతనికి ఫిర్యాదు లేదు. వాటిని ముట్టుకునే మనుషుల మీదే ఉంది. ముఖాలు కడుక్కుంటారు గానీ వేళ్ళు కడుక్కోరని అతని అభిప్రాయం. ఏ కీబోర్డు తిరగేసినా రాలేది అదే: వెంట్రుకలు, గోళ్ళు, బిస్కెట్ల పొడి.

గీతాంజలి వారం క్రితం చేరింది. కరీంనగర్ అమ్మాయి. హాలు చివర, గోడను ఆనుకుని ఉన్న సీటు ఆమెది. అతను కుర్చీ మీద కర్చీఫ్ పరిచి కూర్చున్నాడు. తెర మీద ఏ హెచ్చరికా లేదు.

"ఇప్పటిదాకా ఉంది సార్. మిమ్మల్ని చూసి దాక్కుంది."

డెస్క్‌టాప్ బ్యాటరీ గురించి ఫిర్యాదు చేస్తే అతనికి తెలిసిన కారణాలు రెండు. బల్ల కిందున్న యూపీఎస్ నుంచి సన్నని కేబుల్ ఒకటి కంప్యూటర్‌కు వెళ్తుంది. అది ఉంటే యూపీఎస్ బ్యాటరీని కంప్యూటర్ తనదే అనుకుంటుంది. ఆ కేబుల్ పీకేశాడు. రెండోది, మదర్‌బోర్డు మీద నాణెమంత సెల్. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పెట్టె పక్కరేకు విప్పి, బూజు తుడిచి, సెల్ మార్చాడు. ఆ తర్వాత శానిటైజర్‌తో వేళ్ళ సందులు కూడా రుద్దుకున్నాడు.

"కీబోర్డు కింద ఏదో రాలింది" అన్నాడు.

"కారప్పూస సార్. కావాలా?"

అతను డెబ్భై అడుగులూ వెనక్కి నడిచి, సంచిని బీరువా అరలో దాని చోట దించాడు. కుర్చీలో కూర్చోకముందే ఫోన్ మోగింది.

"మీకూ దీనికీ పడదు సార్" అంది గీతాంజలి. "మీరున్నంతసేపు బుద్ధిగా ఉంటది. మీరు పోగానే మొదలు."

బుధవారం అతను వెళ్ళేసరికి తెర అంచున ఒక పసుపు కాగితం అంటించి ఉంది. హెచ్చరిక వచ్చిన వేళలన్నీ రాసిపెట్టింది. పక్కన కొత్త ఫిర్యాదు: దానంతట అదే అక్షరాలు టైపు చేస్తోంది.

"ఎల్ పడ్డది సార్. మా సాఫ్ట్‌వేర్‌లో ఎల్ అంటే గీత, స్పేస్ అంటే కానివ్వు. నేను చూసుకోకుండా స్పేస్ నొక్కిన. క్లయింటు బాత్‌రూమ్ మధ్యలోంచి గోడ లేచింది."

రాజగోపాల్ ఆమె కీబోర్డును చూశాడు. అది వైరుది. దానికి బ్యాటరీ లేదు. తన రెండు కారణాలూ చాలవని అప్పుడు తోచింది. కంప్యూటర్‌తో తీగ లేకుండా జతకట్టిన పరికరాల పట్టిక తెరిచాడు. అందులో ఒకే ఒక్క పేరుంది.

జెస్సీ కీబోర్డు. బ్యాటరీ: తొమ్మిది శాతం.

"జెస్సీ ఎవరు సార్?"

"నీకు ముందు ఈ సీట్లో ఉండేది. మూడు వారాలైంది వెళ్ళిపోయి."

"మరి ఆమె కీబోర్డు?"

"తిరిగి ఇవ్వలేదు" అన్నాడు. అనగానే ఆ మాట నోట్లో చిన్న రాయిలా తగిలింది. ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళ పత్రంలో జెస్సీ కీబోర్డుకు ఎదురుగా అతను రాసింది ఈ మాట కాదు. 'నాట్ రిసీవ్డ్' అని రాశాడు. అందలేదు, అని. అంతవరకు నిజమే.

ఆ రకం కీబోర్డు పలుకు పది మీటర్లు దాటి వినిపించదు. ఈ కంప్యూటర్‌తో మాట్లాడుతోందంటే అది జెస్సీ ఇంట్లో లేదు. ఈ హాలులోనే, పది మీటర్ల లోపల, ఎక్కడో ఉంది. బ్యాటరీ అయిపోయిందా, ఆ మాట చెప్పే గొంతు కూడా ఉండదు.

మధ్యాహ్నం జెస్సీయే ఫోన్ చేసింది. రోజు విడిచి రోజు చేస్తోంది. అంతకుముందు రెండుసార్లు అతను ఎత్తలేదు.

"సార్, సోమవారం నా జాయినింగు. రిలీవింగ్ లెటర్ శుక్రవారం సాయంత్రం ఐదు లోపల పంపకపోతే ఆఫర్ వెనక్కి తీసుకుంటామన్నారు. ఇక్కడ రాజీనామా ఇచ్చేసి వచ్చాను. ఇప్పుడు అటూ లేను, ఇటూ లేను."

"నాకు తెలిసిందే రాశానమ్మా."

"మీరు రాసింది అందలేదని. లలిత్ గారు మెయిల్లో ఇవ్వలేదని పెట్టారు. కొత్త కంపెనీవాళ్ళు నా గురించి విచారిస్తే, ఉద్యోగి తన దగ్గరే ఉంచుకున్నది అని జవాబు వెళ్ళింది. మూడు వారాల్లో మీ మాట ఎంత దూరం నడిచిందో చూడండి సార్."

అతను పెన్నును బల్ల అంచుకు సమాంతరంగా జరిపాడు.

"మీ టేబుల్ మీదే పెట్టాను సార్. మీరు లంచ్‌కి వెళ్ళారు."

"నా టేబుల్ మీద ఏదీ అలా ఉండదమ్మా."

"ఉండదని నాకూ తెలుసు" అంది జెస్సీ. "నేనెలా తీసుకుపోతాను సార్ దాన్ని? మా చర్చిలో హార్మోనియమే నాకు వాయించడం రాదు" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో తెగింది.

లలిత్ హెచ్చార్ మేనేజరు. అతని గాజు క్యాబిన్ గీతాంజలి సీటుకు ఎదురుగానే ఉంటుంది. రాజగోపాల్ చెప్పిందంతా పంటి సందులో టూత్‌పిక్‌తో కెలుక్కుంటూ విన్నాడు.

"రిమూవ్ డివైస్ కొట్టేయండి. వార్నింగ్ పోతుంది."

"వార్నింగ్ కాదండీ సమస్య. కీబోర్డు మన ఆఫీసులోనే ఉంది."

"ఉండనివ్వండి. వస్తువు కనబడాలి కదా! అది డబ్బు సంగతి కాదండీ, కొత్తది కొనిస్తానని ఆ అమ్మాయి అననే అంది. ప్రాసెస్. అదే సీరియల్ నంబరు మన చేతికి రావాలి. నంబరు తెండి, లెటర్ ఇస్తాను." టూత్‌పిక్ కొన చూసుకుని దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

రాజగోపాల్ చూపు తిప్పుకున్నాడు. ఈ మనిషే దాచి ఉంటాడన్న ఆలోచన అప్పుడే పుట్టింది. దానికి ఆధారమేమిటని తనను తాను అడుగుకుంటే ఆ టూత్‌పిక్ తప్ప మరేమీ లేదు. అసహ్యం సాక్షిని పిలవకుండానే తీర్పు చెబుతుందని అతనికి తెలుసు. తెలిసినా ఆ తీర్పు కొట్టివేయలేదు.

గురువారం అతను వెతికాడు. గీతాంజలి సీటు నుంచి నలువైపులా పన్నెండేసి అడుగులు కొలుచుకున్నాడు. పద్నాలుగు బల్లలు, లలిత్ క్యాబిన్, పారిశుధ్యం వాళ్ళ అలమర. యాంటీవైరస్ తనిఖీ అని చెప్పి అందరినీ లేపి, సొరుగులు ఒక్కొక్కటే లాగాడు. చేతులకు తొడుగులు వేసుకున్నాడు. సగం తిన్న చిక్కీ, ఎండిన నిమ్మచెక్క, వాసనవేస్తున్న సాక్సులు, దువ్వెనలో చుట్టుకున్న జుట్టు. ఒక సొరుగులో ఎవరివో పాలపళ్ళు రెండు అగ్గిపెట్టెలో దూది మీద ఉన్నాయి. అగ్గిపెట్టె మూసి, తొడుగులు మార్చుకున్నాడు. లలిత్ మీటింగులో ఉండగా అతని సొరుగూ లాగాడు. వాడిన టూత్‌పిక్‌లు, పిప్పరమెంటు కాగితాలు. కీబోర్డు లేదు. నిరాశతో పాటు ఒక చిన్న కోపం కూడా కలిగింది, లలిత్ తనను మోసం చేశాడన్నట్టు.

అలమర దగ్గర భారతి అడ్డంగా నిలబడింది. ఆ అంతస్తు ఊడ్చేది ఆమే. కదిరి దగ్గరి పల్లె నుంచి భర్తతో కట్టడం పనికి వచ్చి, నడుం పట్టేశాక ఈ పనిలో కుదిరింది. రాజగోపాల్ ఈ నగరంలోనే, యలహంకలో పుట్టి పెరిగినవాడు. ఇంగ్లీషు మాట్లాడే ఆ ఆఫీసులో వాళ్ళ ఇళ్ళలోని యాసతో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే.

"నా బీరువా గూడా చూస్తావా సార్?"

"అందరివీ చూస్తాండా భారతీ. ఆ కీబోర్డు ఈడనే యాడనో ఉండాది."

"చూడు. చీపుర్లుండాయి, ఫినాయిలుండాది. నా సద్దిగిన్నె గూడా ఉండాది, మూత తీసి చూడు." పక్కకు జరిగింది. "ఆ పాప కవరు పట్టుకోని నీ రూములేకి పొయ్యేది నేను చూసినా. ఆ పొద్దే ఆ మేనేజరయ్యకు చెప్పినా. నువ్వెందుకు అంత కనిపెట్టుకోని ఉంటివి అన్న్యాడు. ఆ పొద్దు నుంచి గేటుకాడ నా సంచి దులుపుతుండారు."

"నా రూములేకి వచ్చింటే నాకు కనపడదా? నా బల్ల మింద ఏమన్నా ఉంటాదా?"

"ఏముంటాదప్పా నీ బల్ల మింద! ఏది పెట్టినా ఎత్తి పారేస్తావు గదా."

అతను నవ్వాడు. గిన్నె మూత తీసి చూశాడు కూడా. రాగిముద్ద, పచ్చిమిరపకాయ. మూత మళ్ళీ పెట్టేటప్పుడు ఆమె ముఖం చూడలేదు.

సాయంత్రం కింద గేటు దగ్గర ఆ తనిఖీ అతని కంటబడింది. గార్డు భారతి సంచిని బల్ల మీద బోర్లించాడు. సద్దిగిన్నె, చిల్లర పర్సు, పిల్లల సాక్సు ఒకటి, ఆఫీసులో మిగిలిన ఇడ్లీలు కట్టిన పొట్లం. పొట్లం విడిపోయి ఒక ఇడ్లీ దొర్లింది. భారతి దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ పొట్లంలో పెట్టుకుంది. రాజగోపాల్ ముఖం తిప్పుకున్నాడు. ఆ మనిషిని అలా నిలబెట్టినందుకు అనుకున్నాడు. నాలుగడుగులు వేశాక, బండి స్టాండు దగ్గర, తను ముఖం తిప్పుకున్నది తుడిచిన ఆ ఇడ్లీని చూసి అని ఒప్పుకోవలసి వచ్చింది.

శుక్రవారం పదకొండు గంటలకు నాలుగు శాతం.

"సార్, కొలత ఎట్ల తీసుకున్నారు?" అంది గీతాంజలి.

"అడుగులతో."

"అడుగులతోనా! నక్షాల ఆఫీసు సార్ ఇది." ఆమె తమ అంతస్తు నక్షా తెర మీద తెరిచింది. తన సీటు మీద చుక్క పెట్టి, పది మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసింది. రాజగోపాల్ వేలితో చూపుతూ పోయాడు: పద్నాలుగు బల్లలు, క్యాబిన్, అలమర. అన్నీ చూసినవే.

"మరి ఇది?"

వృత్తంలో దాదాపు సగం గోడ దాటి అవతలికి పోయింది. అవతల ఒక చిన్న చతురస్రం. దాని మీద 'సిస్టమ్స్' అని రాసి ఉంది.

"మీరే కదా సార్, గోడకి అటు పక్క?"

అతను ఆ గోడను చూశాడు. ఉత్త జిప్సం పలక. డెబ్భై అడుగులు నడిచి వచ్చే తన గది దీనికి అవతలే ఉందని పద్నాలుగేళ్ళలో ఎన్నడూ తోచలేదు. అందరి సొరుగులూ లాగినవాడు గోడ దగ్గర ఆగిపోయాడు. దాని అవతలిది లెక్కలోకి రాదన్నట్టు.

గీతాంజలి పసుపు కాగితం మీది వేళలు చదువుతోంది. "మీరు బయల్దేరే ముందొకసారి, తిరిగి పోయినంక ఒకసారి. ఇదేదో మీ చుట్టే తిరుగుతుంది సార్." ఆమె నవ్వుతూనే అంది. అతని ముఖం చూసి ఆపేసింది.

అతను బీరువా తెరిచాడు. అడుగు అరలో పనిముట్ల సంచి. సంచి కింద అట్టపెట్టె. పెట్టె మీద అతని చేతిరాతలోనే ఉంది: స్క్రాప్. సంచిని పైకెత్తాడు. గోడ అవతలి నుంచి గీతాంజలి గొంతు పక్కనే కూర్చున్నంత స్పష్టంగా వినిపించింది.

"సార్! వచ్చింది!"

తెగిన వైర్ల మీద ఒక బేకరీ కవరు ఉంది. నూనె మరకలు ఎండి పసుపుపచ్చగా గట్టిపడ్డాయి. చీమలు బారుకట్టి లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మరిచిపోయింది కాదు. గుర్తుంచుకోదగినదని అతను ఎన్నడూ అనుకోనిది. లంచ్ నుంచి వచ్చి చూస్తే బల్ల మీద జిడ్డు కవరు, దాని నోట్లోంచి కీబోర్డు అంచు. ఎవరో తిని వదిలేసిన చెత్తతో పాటు పనికిరాని కీబోర్డు తెచ్చి పడేశారనుకున్నాడు. రెండు వేళ్ళతో చివర పట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, ఈ పెట్టెలో జారవిడిచాడు. బల్ల తుడిచాడు. చేతులు రుద్దుకున్నాడు. అరగంట తర్వాత పత్రం వచ్చింది. శుభ్రమైన వేళ్ళతో, శుభ్రమైన బల్ల మీద, అందలేదు అని రాశాడు.

తొడుగుల కోసం చెయ్యి చాచి, ఆగాడు. వట్టి చేత్తోనే కవరు బయటికి తీశాడు. చీమలు మణికట్టు దాకా ఎక్కాయి. సంచి ఎత్తి దించినప్పుడల్లా కీలు నొక్కుకుపోయిన కీబోర్డుతో పాటు టిష్యూ కాగితంలో చుట్టినదేదో ఉంది. నల్లగా ఎండి బూజు పట్టి, సగం చీమలు తినేసిన ముద్ద. దాన్ని బల్ల మీద పెట్టాడు. కీబోర్డును తిరగేశాడు. కంపెనీ స్టిక్కరు చెక్కు చెదరకుండా ఉంది. సీరియల్ నంబరు తేటగా చదవవచ్చు. ఆ రోజు తిరగేసి ఉంటే, కేవలం తిరగేసి ఉంటే చాలేది.

కీల సందుల్లో దుమ్ము లేదు. ఆ అమ్మాయి ఇచ్చేముందు తుడిచింది.

లలిత్ కీబోర్డును ముట్టుకోలేదు. "గుడ్! 'ట్రేస్డ్' అని ఒక లైను రాయండి. దొరికింది, అంతే. మూడింటికల్లా లెటర్ పంపిస్తాను."

"ఆమె ఉంచుకుందని మీరు వాళ్ళకు రాశారు కదా. దాని మాట?"

"దాన్ని 'లేట్ రిటర్న్' అని మారుస్తాను. గుర్తుచేశాక తిరిగి ఇచ్చింది. పెద్ద విషయం కాదండీ."

"ఆమె ఆ రోజే ఇచ్చింది."

"రాజగోపాల్ గారూ." లలిత్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మంచికే చెబుతున్నాను. కంపెనీ ఆస్తి మీరే స్క్రాప్‌లో వేశారని రాతలో పడితే ఆడిట్ వాళ్ళు అడుగుతారు. ఈ పద్నాలుగేళ్ళలో ఇంకేమేం వేశారని కూడా అడుగుతారు. దొరికింది అంటే ఎవరికీ నష్టం లేదు. ఎక్కడ, ఎవరు అన్నవి ఎందుకు?"

ఆ మాటలోని మెత్తదనం రాజగోపాల్‌కు తెలుసు. అందలేదు అన్న మాటలోనూ అదే మెత్తదనం ఉంది. అందలేదు, దొరికింది. ఆ రెండు వాక్యాల్లోనూ మనిషి లేడు. మనిషి లేని చోటు ఖాళీగా ఉండదు. మొదటి వాక్యంలోని ఖాళీలో జెస్సీని నిలబెట్టారు. సంచితో భారతిని నిలబెట్టారు. తను గోడ అవతల బల్ల తుడుచుకుంటూ ఉండిపోయాడు. లలిత్ డబ్బాలోని టూత్‌పిక్‌లను చూశాడు. ఇప్పుడవి అంత అసహ్యంగా కనిపించలేదు. అసహ్యపడవలసింది మరింత దగ్గరలో ఉంది.

పెన్ను తీసి, పత్రం మీద తన పాత మాటను ఒకే గీతతో కొట్టేసి కింద రాశాడు: 'ఈ కీబోర్డును జెస్సీ తన చివరి పనిరోజునే నా బల్ల మీద పెట్టింది. నేను చూడకుండా స్క్రాప్ పెట్టెలో వేశాను. ఆమె నా గదిలోకి రావడం తాను చూశానని భారతి చెప్పింది నిజం.' ఇంగ్లీషులో రాసిన ఆ మూడు వాక్యాల్లో ఒక 'ఐ' ఉంది. పెద్ద అక్షరమే. సంతకం పెట్టి, అదే రాతను తన పేరుతో కొత్త కంపెనీకీ, కింద గేటుకూ మెయిల్ చేశాడు.

"మీ ఇష్టం" అన్నాడు లలిత్. "నేను మాత్రం చెప్పాను."

నాలుగూ పదికి లెటర్ వెళ్ళింది. నాలుగున్నరకు జెస్సీ ఫోన్ చేసింది. అతను మొదటి రింగుకే ఎత్తాడు.

"వచ్చింది సార్. వాళ్ళు సరేనన్నారు."

"తప్పు నాదేనమ్మా. నేను..."

"చదివాను సార్." ఆమె గొంతులో కోపమూ లేదు, క్షమా లేదు. వెనక ఎక్కడో బస్సు కండక్టరు కేక వినిపించింది. "మూడు వారాలు మా ఇంట్లోవాళ్ళు నా బ్యాగు వంక చూస్తుంటే నాకే అనుమానమొచ్చింది, తెచ్చానేమోనని. ఇంక సరేలెండి."

ఆమే మళ్ళీ అంది.

"ఆ రోజు అందరికీ బేకరీలో కొన్న కొబ్బరి దిల్‌పసంద్ పంచాను సార్. మీరు లేరుగా. మీ ముక్క టిష్యూలో చుట్టి ఆ కవర్లోనే పెట్టాను. అదైనా అందిందా?"

బల్ల మీద ఆ నల్లని ముద్ద ఇంకా అలాగే ఉంది. చీమలు శానిటైజర్ సీసా చుట్టూ తిరిగి దాని దగ్గరికి వస్తున్నాయి.

"అందిందమ్మా" అన్నాడు రాజగోపాల్.